రాయని రోజులు

ఉదయం ఏడు గంటలు. ఎండ అప్పుడే ముదిరింది. మబ్బు లేదు, గాలి లేదు. ఆశ్వయుజం చివరి రోజులు.

మా అమ్మాయి ఈశ్వరి గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్ళో తన ప్రాజెక్టు రిపోర్టు. సోమవారం లోపల దాని మీద గురువుగారి సంతకం పడకపోతే ఎమ్మెస్సీ ఇంకో ఏడాదికి పోతుంది. ఆయన పెట్టడం లేదు. ఎందుకు పెట్టడం లేదో చెప్పడమూ లేదు.

ఈశ్వరి యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. అందులో టైమ్ సిరీస్ అని ఒకటుంది. తను చెప్పగా నాకు అర్థమైనంత వరకు అది ఇది: రోజు వెనక రోజు వరుసగా రాసిపెట్టిన అంకెలు తీసుకుని, నిన్నటి బరువు ఇవాళ మీద ఎంత, ఇవాళ్టి బరువు రేపటి మీద ఎంత అని చూడడం. అది తెలిస్తే రేపటి సంగతి కాస్త ముందుగా చెప్పొచ్చు.

ఆ అంకెలు నావి.

పదహారేళ్ళ కిందట సముద్రం సంగతులు చూసే ఒక ఆఫీసు వాళ్ళు మా పేటకు వచ్చారు. ఒడ్డు పక్క రాళ్ళలో రంగు గీతలు వేసిన ఇనుప గుంజ పాతారు. సాయంత్రం పడవలు ఒడ్డెక్కాక రాయాలన్నారు. గాలి ఏ మూల నుంచి, అల గుంజ మీద ఎంతవరకు, ఎందరు వెళ్ళారు, ఎందరు వచ్చారు. నేను పదో తరగతి చదివాను. ఆ పని నాకిచ్చారు. ఏడాదికో పుస్తకం, పేజీకో తారీఖు అచ్చేసి. ట్రంకు పెట్టెలో పదిహేనున్నాయి. పదహారోది గోడకు వేలాడుతోంది.

ఈశ్వరి రెండు వేసవులు కూర్చుని వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. తర్వాత రేపటి అల ఎంతో చెప్పడం మొదలుపెట్టింది. నలభై ఒక్క రోజులు చెప్పింది. నలభై ఒక్కసారీ జానెడు అటూ ఇటూగా సరిపోయింది.

మొదట ఒడ్డున నవ్వారు. పోలిరాజు తాత మా పేటకు పెద్ద. ఆయన వల అల్లుతూనే అడిగేవాడు.

“ఏటే మనవరాలా, గంగమ్మ తల్లి నీకు ఫోన్ సేత్తందా?”

“మిస్డ్ కాల్ ఇస్తోంది తాతా. నేనే చేసుకోవాలి.”

ఇరవై రోజులయ్యేసరికి ఆయనే సాయంత్రం వచ్చి మా గుమ్మంలో నిలబడేవాడు. “రేపేటో సెప్పు” అనేవాడు. నవ్వేవాడు కాదు.

ముందు రోజు సాయంత్రం కూడా వచ్చాడు. “రేపు అల నడుము దాటదు తాతా” అంది ఈశ్వరి.

తెల్లవారి మూడు పడవలు వెళ్ళాయి. ఒకదాంట్లో నా కొడుకు ఎల్లాజీ. మనుషులు ఎందరు వెళ్ళారో ఇక్కడ రాయను. చివర రాస్తాను. మా దగ్గర ముందుగా రాయం.

ఎల్లాజీ వల భుజానికెత్తుకుని వెళుతుంటే నేను వాకిట్లో ఉన్నాను. చేతి మీద వెంట్రుక కదలడం లేదు. గాలి ఆగి అది మూడో రోజు. నా ఒంటికి తెలుస్తూనే ఉంది. కూతురు ఇంత చదివి చెప్పిన లెక్క కంటే నా ఒళ్ళు ఎక్కువా అనుకున్నాను. నోరు విప్పలేదు.

ఇంక రిపోర్టు సంగతి.

మొదటిసారి ఇచ్చినప్పుడు గురువుగారు దాన్ని వారం ఉంచుకుని తిరిగిచ్చారు. నూట పన్నెండు పేజీల్లో ఒకే ఒక్క వాక్యం కింద పెన్సిల్ గీత. “లోపించిన రోజులు డెబ్భై మూడు. అనగా నూటికి ఒకటింపావు. వాటిని ముందు వెనక రోజుల సగటుతో నింపడమైనది.”

ఈశ్వరి నింపే పద్ధతి మార్చింది. సగటుకు బదులు ముందు రోజు నుంచి తర్వాతి రోజుకు గీత గీసి నింపింది. మళ్ళీ అదే వాక్యం కింద పెన్సిల్ గీత. మూడోసారి ఇంగ్లీషులో చాలా పెద్ద పేరున్న పద్ధతి ఒకటి పట్టుకొచ్చి, నాలుగు రాత్రులు కంప్యూటర్ నడిపి నింపింది. మళ్ళీ అదే గీత.

“తప్పేమిటో చెప్పండి సార్” అని అడిగిందట. ఏడుపొచ్చేసింది అంది నాతో.

ఆయన కాసేపు కిటికీలోంచి చూశారట. “మీ ఊరికి శనివారం మొదటి బస్సు ఎన్నింటికి?” అని అడిగారట.

అలా వచ్చారు మస్తాన్ వలీ గారు. ఆ ఉదయం ఏడున్నరకు.

పొడుగ్గా, సన్నగా ఉన్నారు. వచ్చే ఏడాది రిటైరవుతారట. మోకాలు నొప్పేమో, బస్సు దిగిన చోటి నుంచి ఇసుకలో మెల్లగా నడిచి వచ్చారు. చేతిలో టిఫిన్ డబ్బా. చెప్పులు వాకిట్లో విప్పి, “అమ్మా, కాస్త నీళ్ళిస్తారా, చేతులు కడుక్కోవాలి” అన్నారు.

టిఫిన్ తింటారేమో అనుకున్నాను. చేతులు కడుక్కుని, తుడుచుకుని, “పుస్తకాలు చూడొచ్చా?” అన్నారు.

నా పుస్తకాలకు చేతులు కడుక్కున్న మనిషిని నేను చూడలేదు.

చాప మీద కూర్చున్నారు. మొదటి పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. ఈశ్వరి లాప్‌టాప్ తెరిచి పక్కన పెట్టింది. “సార్, అన్నీ ఇందులో ఉన్నాయి, వెతకడం తేలిక” అంది. ఆయన తల ఊపారు. దాని వైపు చూడలేదు.

ఖాళీ పేజీ వచ్చిన చోట ఆగారు. నా వైపు చూసి, “నాలుగు చీపురు ఈనెలు ఉంటే ఇస్తారా?” అన్నారు.

ఇచ్చాను. ఖాళీ ఉన్న ప్రతి చోటా ఒక ఈనె ముక్క పెట్టారు. నాలుగు చాలలేదు. చీపురు కట్టే విప్పి దగ్గర పెట్టాను. రెండు గంటలు పట్టింది. టీ చల్లారిపోయింది. చివరికి పుస్తకాలన్నీ చేప ముళ్ళ మాదిరి ఈనెలతో నిక్కి ఉన్నాయి.

అప్పుడు ఒక పుస్తకం తీసి, ఈనె ఉన్న చోట తెరిచి, ఈశ్వరి ముందు పెట్టారు. పద్నాలుగేళ్ళ నాటిది. అక్టోబరు.

“చదువు.”

ఈశ్వరి చూసింది. తారీఖు ఉంది. కింద ఏమీ లేదు.

“ఏం లేదు సార్.”

“చదువు.”

“ఖాళీ పేజీ సార్. డేటా లేదు.”

“ఈ పుస్తకం ఎవరు రాశారు?”

“మా అమ్మ.”

“అయితే నీకు చదవడం రాదు. అమ్మను చదవమను.”

కోపంగా అనలేదు. పుస్తకాన్ని రెండు చేతులతో ఎత్తి నా ముందుకు జరిపారు.

పేజీ మీద వేలు పెట్టాను. ఆయన తొందరపెట్టలేదు.

తర్వాత చదివాను.

“ఇరవై తొమ్మిది. మా అన్న దానయ్య రాలేదు.”

పేజీ తిప్పాను. అదీ ఖాళీయే.

“ముప్పై. రాలేదు.”

“ముప్పై ఒకటి. రాలేదు.”

“ఒకటి. ఇంక రాడని మా వదిన పొయ్యి వెలిగించింది.”

పుస్తకం మూసేయబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు గానీ, నాకే మూయబుద్ధి కాలేదు.

“మా ఒడ్డున ఒక పద్ధతి ఉంది సార్” అన్నాను. “నీళ్ళ మీద మనిషి ఉండగా లెక్క రాయం. అందరూ వచ్చాకే పుస్తకం తెరుస్తాను. కొన్నిసార్లు అందరూ వచ్చారు. కానీ మర్నాడు వచ్చారు. అప్పటికి ఆ రోజు దాటిపోయింది. దాటిపోయిన రోజు రాయకూడదు. ఊహించి రాసినట్టవుతుంది.”

మస్తాన్ వలీ గారు తల వంచారు. ఈశ్వరి వైపు తిరిగారు.

“ఇరవై తొమ్మిదికి నువ్వు ఎంత వేశావు?”

ఈశ్వరి లాప్‌టాప్ చూసింది. “సున్నా పాయింట్ తొమ్మిది మీటర్లు సార్.”

“అంటే?”

“నడుము దాకా.”

“ఆ రోజు అల గుంజ మీద నుంచి పోయింది” అన్నాను నేను. “గుంజ కనబడలేదు.”

మామయ్య సముద్రంలో పోయాడని ఈశ్వరికి తెలుసు. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. ఏ తారీఖో తెలీదు. నేనెప్పుడూ చెప్పలేదు. అదీ అడగలేదు. రెండు వేసవులు నా పుస్తకాలతో కూర్చుంది, ఒక్కసారి కూడా ఖాళీ ఎందుకని అడగలేదు. అమ్మ ఆ రోజు మర్చిపోయిందనుకుంది.

దాన్ని అనడానికి నాకు నోరు లేదు. ఆ తెల్లవారే, ఎల్లాజీ వెళుతుంటే, నేనూ చెప్పాల్సింది చెప్పలేదు.

“ఇరవై తొమ్మిదికి వెనక పేజీ చదువు” అన్నారు ఆయన.

అది రాసి ఉంది. ఈశ్వరి చదివింది. “ఇరవై ఎనిమిది. గాలి లేదు. అల మోకాలు. వేట బాగుంది.”

“దాని వెనకది.”

“ఇరవై ఏడు. గాలి లేదు. వేట బాగుంది.”

ఆయన ఇంకో పుస్తకం ఇచ్చారు. ఈనె ఉన్న చోట తెరిచి, వెనక పేజీ చదివింది. “గాలి లేదు.” ఇంకోటి. “ఈశాన్యం గాలి, కొంచెం.” ఇంకోటి. “గాలి లేదు. వేట బాగుంది.” ఇంకోటి. “గాలి లేదు.”

ఆరో పుస్తకం దగ్గర చదవడం ఆపేసింది. ఆయన ఇవ్వకుండానే లేచి, గోడకున్న పదహారో పుస్తకం తీసింది. రాసిన చివరి రెండు పేజీలు చూసింది. నిన్నా గాలి లేదు. మొన్నా గాలి లేదు.

గుమ్మంలోంచి సముద్రం కనబడుతోంది. నూనె పోసినట్టుంది.



పేరు పెట్టిన తుఫాన్లకు ఎవరో ఒకరు ముందుగా చెబుతారు. రేడియో చెబుతుంది, ఫోన్ చెబుతుంది. పేరు లేని గాలి ఒకటుంది. గాలి లేని రోజుల తర్వాత వచ్చి, ఒక పూట ఉండి పోతుంది. మాలో పోయినవాళ్ళు ఎక్కువ దానికే పోయారు.

ఈశ్వరి ఎల్లాజీకి ఫోన్ చేసింది. ఆరుసార్లు చేసింది. దూరం వెళితే మోగదు. పుస్తకం అక్కడే పడేసి పరుగెత్తింది.

నేను వెళ్ళేసరికి ఒడ్డున పోలిరాజు తాత ముందు నిలబడి ఉంది.

“తాతా, పొగ వెయ్యాలి. వాళ్ళను పిలిచెయ్యాలి.”

పడవల్ని వెనక్కి పిలవడానికి మా పేటలో పాత పద్ధతి అది. ఇసుక దిబ్బ మీద పచ్చి సరుగుడు కొమ్మలు కాలుస్తారు. ఫోన్లు వచ్చాక పదేళ్ళుగా ఎవరూ వెయ్యలేదు.

తాత ఆకాశం చూశాడు. “నిన్న ఎల్లమన్నదీ నువ్వే. ఇయ్యాల రమ్మన్నదీ నువ్వేనా?”

“అవును తాతా. రెండూ నేనే.”

“గాలి నేని రోజులు ఏడాదికి ఎన్నుంటాయో తెలుసా? అన్నిటికీ పొగేసుకుంటే తినీదేటి?”

“చాలా ఉంటాయి. అన్నిటి తర్వాతా రాదు. ఇవాళ రాకపోవచ్చు” అంది ఈశ్వరి. “రాకపోతే రోజూ పొద్దున్న అందరి ముందూ నన్ను తిట్టు. నేను వచ్చి నిలబడతాను.”

తాత నా వైపు చూశాడు. “నువ్వేటంతావు పైడమ్మా?”

“పొద్దున్నే అనాల్సింది చిన్నాన్నా” అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. పంచె ఎగ్గట్టాడు.

ఆడవాళ్ళం కొమ్మలు విరిచాం. దిబ్బ ఎక్కి దిగి ఎక్కాం. మధ్యలో చూస్తే మస్తాన్ వలీ గారు కొమ్మలు మోస్తున్నారు. తెల్ల చొక్కా అంతా బంక. మోకాలు పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తున్నారు. వద్దండీ అన్నవాళ్ళు ఎవరూ లేరు. అన్నా వినేలా లేరు.

పొగ లేచింది. గాలి లేదు కదా, పాతిన స్తంభంలా నిలువుగా పైకి వెళ్ళింది. మైళ్ళ దూరం కనబడి ఉంటుంది.

దిబ్బ మీద కూర్చున్నాం. ఈశ్వరి ఆయన పక్కన కూర్చుంది.

“మీకు మొదటిసారే తెలుసా సార్?”

“ఖాళీ ఉందని తెలుసు. ఎందుకుందో తెలీదు” అన్నారు ఆయన. “అది తెలిసినవాళ్ళు మీ ఇంట్లోనే ఉన్నారు.”

ఈశ్వరి నా వైపు చూడలేకపోయింది. నేనూ దాని వైపు చూడలేకపోయాను.

పదకొండు దాటింది. నిలువుగా ఉన్న పొగ పైనుంచి మెల్లగా ఒరిగింది. మేం చూస్తుండగానే మధ్యకు విరిగి, ఊరి వైపు పడుకుంది. ఆ తర్వాత ఇసుక ఎగిరి మొహాన కొట్టింది.

మొదటి పడవ అప్పుడే వచ్చింది. తాత కొడుకు అసిరయ్యది. “పొగ సూసి తిరిగినాం” అన్నాడు. వెనక ఎవరు వస్తున్నారో చూశావా అంటే, మాట్లాడకుండా తాడు అందించాడు.

మిగతావి రెండు. ఒకటి ఎల్లాజీది, ఒకటి అప్పలస్వామిది.

వాన మొదలైంది. సముద్రం తెల్లబడింది. పన్నెండుకు గుంజ మీద ఎర్ర గీత పోయింది. తర్వాత గుంజే కనబడలేదు. ఎందరమున్నామో అందరం తడుస్తూ నిలబడ్డాం. ఎవరూ పేర్లు తీయలేదు.

ఈశ్వరి పెదవులు కదులుతున్నాయి. వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తోంది. ఎవరెవరు వెళ్ళారో, ఎందరు రావాలో.

మస్తాన్ వలీ గారు చూశారు. ముప్పై ఐదేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. దాని చెయ్యి మీద తన చెయ్యి పెట్టారు.

“ఇప్పుడు వద్దు ఈశ్వరీ” అన్నారు.

అది వేళ్ళు విప్పేసింది.

ఒంటిగంట అవుతుండగా ఒక పడవ కనబడింది. ఒక్కటే. నీళ్ళకు మరీ కిందికి ఉంది. అల మీదికి లేచినప్పుడు కనబడుతోంది, పడినప్పుడు లేదు. అలా చాలాసార్లు. ఎవరిదో తెలియలేదు. ఒడ్డు దగ్గర అల విరిగే చోట తాడు విసిరారు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ అందరం పట్టుకున్నాం. నా ముందు మస్తాన్ వలీ గారి వీపు. ఆయన కాళ్ళు ఇసుకలో జారుతున్నాయి, మళ్ళీ తన్నుకుని నిలబడుతున్నారు.

పడవ ఇసుక తాకింది. దూకిన మొదటి మనిషి ఎల్లాజీ. మొహం అంతా ఉప్పు.

నేను వాణ్ణి తాకలేదు. వాడి వెనక పడవలోకి చూశాను.

“అప్పలస్వామి ఇంజను ఆగిపోనాదమ్మా” అన్నాడు. “పొగ సూసి అందరం తిరిగినాం. ఆల్ది ఆగిపోనాది. ఆల్ని ఎక్కించుకుని, పడవొదిలేసినాం.”

అప్పలస్వామి దిగి ఇసుకలో కూర్చున్నాడు. పడవ పోయినందుకు ఏడుస్తున్నాడో, తను వచ్చినందుకు ఏడుస్తున్నాడో తెలీదు. ఈశ్వరి వెళ్ళి అతని ముందు కూర్చుంది.

“నేను వెళ్ళమన్నాను అన్నా” అంది.

అప్పలస్వామి దాన్ని చూశాడు. “రమ్మన్నావు గదా” అన్నాడు.

రెండున్నరకు గాలి ఆగింది. ఎలా వచ్చిందో అలాగే పోయింది.

ఇంటికి వచ్చాం. మస్తాన్ వలీ గారికి ఎల్లాజీ పొడి లుంగీ ఇచ్చాను. టిఫిన్ డబ్బా తెరిచారు. మూడు చపాతీలు, వంకాయ కూర. ఒక చపాతీ ఎల్లాజీకి పెట్టారు, ఒకటి ఈశ్వరికి పెట్టారు. ఇద్దరూ తిన్నారు.

రిపోర్టు ఇంకా గుమ్మంలోనే ఉంది. వానజల్లుకు తడిసి పేజీలు అంటుకున్నాయి. ఈశ్వరి దాన్ని తీసి పక్కన పెట్టింది. సంతకం మాట ఎత్తలేదు. సోమవారం మాటా ఎత్తలేదు. చాప మీద పుస్తకాలు, ఈనెలు అలాగే ఉన్నాయి. వాటి మధ్య నుంచి పదహారో పుస్తకం వెతికి తీసి, నా ముందు కూర్చుని తెరిచింది. ఆ రోజు పేజీ తీసి, ఆగింది.

మస్తాన్ వలీ గారు తడిసిన చొక్కా జేబులోంచి ఒక పెన్సిల్ తీశారు. మూడుసార్లు గీత గీసిన పెన్సిల్ అదే అయి ఉంటుంది. దానికి అందించారు.

“ఇప్పుడు” అన్నారు.

ఈశ్వరి నా మొహంలోకి చూసింది. “చెప్పమ్మా.”

చెప్పాను. పొద్దున్న గాలి లేదు. పదకొండు దాటాక ఈశాన్యం. అల గుంజ మీద నుంచి పోయింది. ఈశ్వరి రాసింది.

“పడవలు?”

“వెళ్ళినవి మూడు. వచ్చినవి రెండు.”

“మనుషులు?”

కళ్ళు మూసుకున్నాను. అసిరయ్య, వాడి పడవలో ఇంకో ముగ్గురు, నాలుగు. ఎల్లాజీ, వాడితో ఇద్దరు, ఏడు. అప్పలస్వామి, అతని తమ్ముడు, ఇద్దరి కొడుకులూ చెరొకడు.

ఇంకోసారి మొదటి నుంచి లెక్కపెట్టాను.

“వెళ్ళినవాళ్ళు పదకొండు” అన్నాను. “వచ్చినవాళ్ళు పదకొండు.”